పదమూడో కిలోమీటరు

మూడో తేదీ

వదినకి,

మీ పళ్ళ డాక్టరు మరదలి నమస్కారాలు. ఫోన్లో నా మాట మీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం మీరే మీకు నచ్చినట్టు పూరించుకుంటారు. పోయినసారి నేను ఏడుస్తుంటే మీరు జలుబుకి మందు చెప్పారు. అందుకే ఈసారి ఉత్తరం. చదివి చించేయండి. మీరు చించరని నాకు తెలుసు, కనీసం మీ తమ్ముడికి చూపించకండి.

మీరిచ్చిన కారు గురించే రాస్తున్నాను. అన్నయ్యగారు పోయాక తొమ్మిదేళ్ళు మీ పెరట్లో రేకుల కింద పడి ఉన్న ఆ బండిని ఈయన లారీ ఎక్కించి తెచ్చుకుని రెండేళ్ళయింది. దానికి మేం పెట్టుకున్న పేరు మొండిఘటం. ఆదివారాలూ, వారంలో రెండు సాయంత్రాలూ దానికే అంకితం. కింద రేకు మొత్తం తుప్పుపట్టి కాలు పెడితే నేల తగిలేది, అది కోసి కొత్తది వేశారు. బ్రేకులు విప్పారు, ఇంజను దింపారు, ఎక్కించారు. నా వంతు మెరిసే సామాను. తలుపు పిడులు, దీపాల చుట్టూ ఉండే రింగులు, రకరకాల మూతలు, అన్నీ సంచీలో వేసుకుని క్లినిక్కుకి పట్టుకెళ్ళి, పేషెంట్లు లేనప్పుడు పళ్ళు పాలిష్ చేసే బ్రష్షుతోనే తళతళలాడించాను. మా నర్సమ్మ రోజూ ఒకటే వెక్కిరింపు: "డాక్టరుగారూ, ఈ పేషెంటుకి నోరెక్కడండీ?"

ఇంత చేస్తే ఏమైంది? షెడ్డులో గంటసేపు ఆన్ చేసి వదిలేసినా ఇంజను బుద్ధిగా తిరుగుతుంది. రోడ్డెక్కితే మాత్రం పదమూడో కిలోమీటరు. పన్నెండున్నర కావచ్చు, పదమూడున్నర కావచ్చు, పెయింటు డబ్బాల గోడౌను దాటిందో లేదో దగ్గు మొదలు. రెండు కుదుపులు, ఇక ఆగిపోవడమే. ఇరవై నిమిషాలు రోడ్డు పక్కన కూర్చుంటే, తన తప్పేమీ లేనట్టు మళ్ళీ స్టార్టయి ఇంటికొచ్చేస్తుంది. ఎనిమిది నెలలుగా ఇదే వరస. ఈయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. అందులో చూసినవన్నీ రాసుకుని పక్కన టిక్కు పెట్టుకుంటారు. పెట్రోల్ పంపు మార్చారు, టిక్కు. కాయిల్ మార్చారు, టిక్కు. కార్బురేటర్ అయిదుసార్లు విప్పి కడిగారు, అయిదు టిక్కులు. అయినా పదమూడో కిలోమీటరు.

ఇది సరదా పనే అయితే నేను మీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. మీ తమ్ముడు పద్దెనిమిదేళ్ళు ఇంజన్ల పని నేర్పిన ట్రైనింగ్ స్కూలు రెండేళ్ళ క్రితం మూతపడింది కదా, అది మళ్ళీ తెరుస్తున్నారు. ఈయన్ని పెద్ద మాస్టారుగా రమ్మని రాశారు. ముప్పయ్యో తేదీ లోపల జవాబివ్వాలి. విడిభాగాల గోడౌనులో అట్టపెట్టెల మీద నంబర్లు చూసి అరల్లో సర్దే ఉద్యోగంలో ఈయన ఎలా వాడిపోయారో నేను చూస్తున్నాను. ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "స్కూలు ఇక్కడికి ఇరవై కిలోమీటర్లు. మొండిఘటం అక్కడిదాకా వెళ్ళి ఆగకుండా వెనక్కొస్తే ఒప్పుకుంటాను" అన్నారు. రాకపోతే? "సొంత బండికి వచ్చిన జబ్బేంటో తెలుసుకోలేనివాడు పిల్లలకేం చెప్తాడు?" అని నన్నే ఎదురడిగారు.

వదినా, ఆ పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మీకు చెప్పలేదు. మూడు నెలల క్రితం ఈయన పాత స్టూడెంట్లు నలుగురు పెళ్ళాం పిల్లలతో భోజనానికొచ్చారు. ఇప్పుడు అందరూ సొంత గ్యారేజీలు పెట్టుకున్నవాళ్ళు. మాస్టారి బండెక్కుతామని ముచ్చటపడ్డారు. ఆ నలుగురినీ తీసుకెళ్ళారు. ఆ రోజు తిప్పి తిప్పి బ్యాటరీ కూడా దిగిపోయి, అందరూ పదమూడో కిలోమీటరు నుంచి ఎండలో కొంతదూరం నెట్టి, ఆటోల్లో పడి వచ్చారు. నేను వడ్డనకి సిద్ధం చేసినవన్నీ చల్లారిపోయాయి. చిరాకులో, అందరి ముందూ అనేశాను: "మీ మాస్టారికి పాఠాలు చెప్పడమే వచ్చు, పని ఎప్పుడో మర్చిపోయారు." అందరూ నవ్వారు. ఈయనా నవ్వారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు, అది నాలాంటి వాళ్ళని చూసే అన్నట్టున్నారు. ఆ తర్వాత ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది. అప్పటినుంచి బండి కింద దూరినప్పుడు ఈల వేయడం మాత్రం మానేశారు.

ఇప్పుడు నాకేం అర్థం కావడం లేదు. సారీ చెబుదామంటే, మానుతున్న పుండుని నేనే గెలికినట్టవుతుందేమో. చెప్పకపోతే అది లోపల ముదురుతోందేమో. పళ్ళయితే ఎక్స్‌రే తీసి చూసేదాన్ని, మొగుడికి ఎక్కడ తీయను? మీరు పెంచిన తమ్ముడు, మీరే చెప్పండి.

మీ మరదలు

పదకొండో తేదీ

వదినా,

మీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగే స్థితిలో లేను, అందుకే మళ్ళీ రాస్తున్నాను. మీరు కూర్చుని చదవండి.

మొన్న ఆదివారం మళ్ళీ బయల్దేరాం. కొత్త పెట్రోల్ గొట్టాలు వేశారు, ఇక తిరుగుండదన్నారు. పెయింటు గోడౌను దాటగానే దగ్గు, రెండు కుదుపులు, మామూలే. ఈయన దిగి బానెట్టు ఎత్తి తల లోపల పెట్టారు. రోడ్డు మీద లారీల రొద. నేను ఊరికే ఉండలేను కదా, వెనకవైపు నడిచాను. పెట్రోల్ మూత మీద దుమ్ము పడింది. నేను పాలిష్ చేసిన మూత, దుమ్ము పడితే నా ప్రాణం ఊరుకోదు. కొంగుతో తుడుస్తూ తిప్పాను, ఊడివచ్చింది. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. పిల్లలు స్ట్రాతో అడుగున మిగిలింది పీల్చినప్పుడు వస్తుందే, ఆ చప్పుడు. నా చెయ్యి కూడా లోపలికి లాగినట్టనిపించింది.

మూత తిరగేసి చూశాను. మధ్యలో, అడుగు రేకు మీద, గుండుసూది తలంత వెండిరంగు చుక్క. వదినా, నా పని నేను గుర్తుపట్టలేనా? అది నా ఫిల్లింగు.

అంతా గుర్తొచ్చింది. ఈ మూతని క్లినిక్కుకి పట్టుకెళ్ళిన రోజున, పాలిష్ చేస్తుంటే సన్నటి కన్నం కనిపించింది. ఇరవై రెండేళ్ళుగా పొద్దున లేస్తే కన్నాలు పూడ్చేదాన్ని. తుప్పు మొదలైంది, ఇప్పుడే ఆపకపోతే మూతంతా తినేస్తుందనుకున్నాను. చుట్టూ శుభ్రంగా గీకి, ఆరబెట్టి, పంటికి పెట్టే మసాలాతో పూడ్చి, నునుపు చేసి, రంగు కూడా కలిసేలా చూసుకుని మురిసిపోయాను. నర్సమ్మకి చూపించాను కూడా. "ఎక్కడ పూడ్చారో కనిపెట్టలేకపోతున్నానండీ" అంది. ఈయనతో చెప్పాలని కూడా తోచలేదు. పన్ను పూడ్చినప్పుడల్లా ఇంటికొచ్చి చెప్తానా?

ఆ కన్నం తుప్పు కాదు, వదినా. ట్యాంకులో పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ జాగాలోకి గాలి రావడానికి కంపెనీవాళ్ళే పెట్టింది. నేను దాన్ని పూడ్చాను. ఈయనేమో పెట్రోల్ వాసన రాకూడదని మూతకి కొత్త రబ్బరు వేశారు. ఇక గాలి ఎటునుంచి వస్తుంది? పదమూడు కిలోమీటర్లకి సరిపడా పెట్రోల్ వచ్చి, ఆ పైన పంపు లాగలేక బండి ఆగిపోతుంది. ఇరవై నిమిషాల్లో ఎక్కడో సందులోంచి కాస్త గాలి చేరి మళ్ళీ నడుస్తుంది. అంతే. ఇంత చిన్నది ఈయనకి తెలియకనా? ఇంటికొచ్చాక నోటుపుస్తకం తిరగేస్తే రెండో పేజీలోనే ఉంది: "మూత - గాలి కన్నం ఉంది", టిక్కు. నేను మూతని పట్టుకెళ్ళడానికి వారం ముందు చూసుకున్నారు. ఒకసారి టిక్కు పెట్టాక అటు చూడలేదు.

మూత తీసి పెట్టగానే బండి అయిదు నిమిషాల్లో స్టార్టయింది. "ఇవాళ ఇరవై నిమిషాలు పట్టలేదేంటి?" అని ఈయన గడియారం చూసుకుని పుస్తకంలో రాసుకున్నారు. నేను పక్క సీట్లో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఎందుకంటారా? పూడ్చినందుకు కాదు. పూడ్చింది నేనే, పని మర్చిపోయారని నలుగురి ముందు అన్నదీ నేనే. రెండూ ఒక్క నోటితో ఎలా చెప్పను?

బుధవారం ఈయన గోడౌనుకి వెళ్ళాక మూత విప్పి క్లినిక్కుకి తీసుకెళ్ళాను. పళ్ళు తొలిచేవాటిలో అన్నిటికంటే సన్నటి బర్రుతో నా ఫిల్లింగు నేనే తోడేశాను. ఒక్క నిమిషం పని. సాయంత్రం ఈయన వచ్చేలోపల మూత బిగించేశాను. ఆదివారం బండి నడుస్తుంది. తన పనివల్లే నడిచిందనుకుంటారు, ఉద్యోగానికి ఒప్పుకుంటారు, మళ్ళీ ఈల వేస్తారు. అందరికీ మంచిదే కదా? మరి నాకెందుకు అన్నం సహించడం లేదు? చేసింది మేలో కీడో నాకే తేలడం లేదు, వదినా.

మీ మరదలు

పద్దెనిమిదో తేదీ

వదినా,

బండి నడిచింది. నలభై కిలోమీటర్లు, ఒక్క దగ్గు లేకుండా. పదమూడో కిలోమీటరు దగ్గర ఇద్దరం ఊపిరి బిగబట్టాం. దాటింది. పద్నాలుగు, పదిహేను. స్కూలు గేటు దాకా వెళ్ళి, కొత్తగా సున్నం వేసిన గోడ చూసి, తిరిగొచ్చాం. నేను చప్పట్లు కొట్టాను. అది నటన కాదు, నిజంగానే సంతోషం పట్టలేకపోయాను.

ఈయన షెడ్డులో బండి ఆపి, బానెట్టు ఎత్తి, చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి అడిగారు:

"ఎందుకు నడిచింది?"

"అదేం ప్రశ్నండీ? బాగుపడింది కాబట్టి నడిచింది."

"పోయిన ఆదివారానికీ ఈ ఆదివారానికీ మధ్య నేను దీన్ని ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఎలా బాగుపడుతుంది?"

"కొత్త గొట్టాలు వేశారుగా, ఇప్పటికి సర్దుకున్నాయేమో."

"గొట్టాలు సర్దుకోవడానికి అవేమన్నా కొత్త కోడళ్ళా?" అన్నారు, నవ్వకుండానే. ఆ తర్వాత అన్న మాట వినండి. "నీ దగ్గరికి ఒకడొచ్చి, డాక్టరుగారూ, నిన్నటిదాకా పన్ను ప్రాణం తీసింది, ఇవాళ దానంతటదే తగ్గిపోయిందంటే సంతోషించి ఇంటికి పంపేస్తావా?"

పంపను, వదినా. అది నాకంటే బాగా ఎవరికి తెలుసు? నొప్పి దానంతటదే పోయిందంటే పంటి లోపల నరం చచ్చిపోయిందని అర్థం. అలాంటివాళ్ళనే కుర్చీలోంచి లేవనివ్వను.

ఇప్పుడు షెడ్డులోకి వెళ్తే కన్నీళ్ళొస్తున్నాయి. నడిచే బండిని మొత్తం విప్పేశారు. పంపు ఒక బల్ల మీద, కార్బురేటర్ ఇంకో బల్ల మీద. తెలియకుండా పోయిన జబ్బు తెలియకుండానే తిరిగొస్తుందట, రేపు పిల్లల్ని ఎక్కించుకున్నప్పుడు రోడ్డు మధ్యలో వస్తే ఎవరిది బాధ్యత అంటారు. ఆగిపోయినప్పుడే నయం, కనీసం ఆగుతుందని తెలిసేదట. నిన్న పొద్దున స్కూలుకి జవాబు రాశారు. నాకు చదివి వినిపించారు. "నాకు ఈ పని చేసే అర్హత ఉందన్న నమ్మకం లేదు, మరొకరిని చూసుకోగలరు." అంతే, రెండు లైన్లు. ముప్పయ్యో తేదీన స్వయంగా ఇచ్చి వస్తానని అద్దం వెనక పెట్టుకున్నారు.

ఆయన మేలు కోరే చేశాను, వదినా. నా తెలివి చూడండి, కొరివితో తల గోక్కున్నాను. ఆగే బండితో ఈయనకి తన పని మీద కొంచెం అనుమానమే ఉండేది, నడిచే బండితో నమ్మకం మొత్తం పోయింది. ఇప్పుడు చెప్పాలంటే తప్పులు మూడయ్యాయి: పూడ్చడం, అనడం, దొంగతనంగా తెరవడం. ఒకటే మార్గం కనిపిస్తోంది. మీరు ఫోన్ చేసి, "ఒకసారి పెట్రోల్ మూత చూడరా, మీ బావ ఉన్నప్పుడు కూడా ఇలాగే అయ్యేది" అని ఒక్క ముక్క చెప్పండి. మిగతాది ఈయనే పట్టుకుంటారు. నా పేరు రాదు, ఈయన పరువు ఈయనకి దక్కుతుంది. కాళ్ళు పట్టుకుంటున్నాననుకోండి.

మీ మరదలు

ఇరవై రెండో తేదీ

అమ్మాయ్,

నీ మూడు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి జవాబు రాసి పోస్టు చేయకముందే రెండోది వచ్చింది, అది చించి ఇంకోటి రాస్తుంటే మూడోది వచ్చింది. మూడోది రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళద్దాలు తుడుచుకుని చదివాను, నువ్వు నిజంగా అలా అడిగావా, నేనే తప్పు చదివానా అని.

నేను ఫోన్ చేయను. ముప్పయ్యేళ్ళు ఆ కారులో తిరిగాను, మీ అన్నయ్యగారి చేతిలో అది ఒక్కరోజూ అలా ఆగలేదు. పోయిన మనిషి మీద లేని తప్పు మోపడానికి నాకు నోరు రాదు. కన్నం పూడ్చింది నువ్వు, తెరిచింది నువ్వు, నోరు తెరవాల్సింది కూడా నువ్వే.

వాడి సంగతి నీకు ఒకటి చెప్తాను. ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి పది రోజులకి తగ్గింది. ఇంట్లో అందరం హమ్మయ్య అనుకుంటుంటే, వీడు మంచం మీద కూర్చుని డాక్టర్ని "ఏ మందుకి తగ్గింది?" అని అడిగాడు. ఆయన ఏదోలే బాబూ అన్నాడు. దానికి ఆ రోజంతా అలిగాడు. అలాంటివాడికి కారణం దాచిపెట్టి ఫలితం చేతిలో పెట్టావు. నువ్వు చదువుకున్నదానివి, పదహారేళ్ళు కాపురం చేసినదానివి. నీకు నేను చెప్పాలా?

తిట్టడం అయిపోయింది. ఇప్పుడు విను. ముందు మూత గురించి చెప్పకు. మూత గురించి చెప్తే వాడు మూత గురించే ఆలోచిస్తాడు, రెండో సంగతి మరుగున పడిపోతుంది. నీకూ అదే హాయిగా ఉంటుంది. ముందు ఆ భోజనాల రోజు అన్న మాట గురించి చెప్పు. వాడు అరిస్తే అరవనీ. అరవకపోతే నాకు రాయి, అప్పుడు వస్తాను.

జలుబుకి చెప్పిన మందు ఏడుపుకి కూడా పనిచేస్తుంది, వేడినీళ్ళే కదా.

మీ వదిన

ఇరవై తొమ్మిదో తేదీ

వదినా,

చెప్పేశాను.

మీ ఉత్తరం అందిన రోజు సాయంత్రమే షెడ్డులోకి వెళ్ళాను. ఈయన స్టూలు మీద కూర్చుని పంపులోని పొరని వెలుతురుకి పెట్టి చూస్తున్నారు. మీరు చెప్పినట్టే ముందు ఆ మాట ఎత్తాను. "ఆ రోజు మీ స్టూడెంట్ల ముందు నేనన్నది..." అన్నానో లేదో, "అదెందుకిప్పుడు" అని చూపు తిప్పేసుకున్నారు. పొర పట్టుకున్న వేళ్ళు మాత్రం కదలడం మానేశాయి. మర్చిపోలేదన్నమాట. ఒక్కరోజూ మర్చిపోలేదు. "తప్పు చేశానండీ. మీ పని గురించి అలా అనే హక్కు నాకు లేదు, అందులోనూ నాకు అసలే లేదు" అన్నాను. "అసలే అంటే?" అన్నారు. అప్పుడు మూత సంగతి చెప్పాను.

అరుస్తారనుకున్నాను. ప్రశ్నలు వేశారు. ఎప్పుడు పూడ్చావు? ఏ మసాలా? పైనుంచా, కిందనుంచా? ఎంత లోతు? గట్టిపడటానికి ఎంతసేపు? తెరిచింది ఏ రోజు, ఎంత సన్నం బర్రు? నేను గోడకి ఆనుకుని, పరీక్షలో పాఠం అప్పజెప్పినట్టు అన్నీ చెప్పాను. అంతా విని పుస్తకం తీసి రెండో పేజీలోని టిక్కుని చూశారు. ఏమీ రాయలేదు. లేచి నీళ్ళ కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నారు. ఎంతసేపు కడిగారంటే, మడ్డి పోయి చాలాసేపయినా నీళ్ళ చప్పుడు ఆగలేదు. తర్వాత లోపలికెళ్ళి పడుకున్నారు.

ఆ తర్వాత మూడు రోజులు కావలసినంత వరకే మాట్లాడారు. "తాళం ఎక్కడ", "గోడౌనుకి వెళ్తున్నా". నేను కూడా ఎక్కువ కదిలించలేదు. కోపమా, బాధా, నన్ను చూస్తే అసహ్యమా, ఏదీ అంతుపట్టలేదు. సాయంత్రాలు మాత్రం షెడ్డులో సామాను చప్పుడు వినిపించేది. విప్పినవన్నీ ఒక్కొక్కటీ బిగిస్తున్నారు. బిగిస్తున్నారంటే మంచికో, అమ్మేయడానికో తెలియక నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని.

నిన్న ఆదివారం పొద్దున టీ తాగుతుంటే ఆ మూత తెచ్చి నా కప్పు పక్కన పెట్టారు.

"పూడ్చు."

"ఏంటండీ?"

"ముందు ఎలా పూడ్చావో అచ్చం అలాగే పూడ్చు."

నాకు మతి పోయింది. వెటకారమేమోనని మొహం చూశాను. కాదు. ఇద్దరం క్లినిక్కుకి వెళ్ళాం. సెలవురోజు, ఎవరూ లేరు. ఈయన నా పక్కన నిలబడి, నేను కన్నం ఆరబెట్టడం, మసాలా కలపడం, నొక్కడం, నునుపు చేయడం అన్నీ చూశారు. పెళ్ళయి పదహారేళ్ళలో నా పని ఇంత దగ్గరగా ఈయన చూడటం ఇదే మొదలు. "బాగా చేశావు, ఎక్కడుందో కనపడట్లేదు" అన్నారు. పొగిడారో పొడిచారో దేవుడికే తెలియాలి.

మూత బిగించి, ట్యాంకు నింపించి, స్కూలు దారి పట్టాం. నేను కిలోమీటర్ల అంకెలనే చూస్తున్నాను. తొమ్మిది, పది, పదకొండు. వదినా, బండి ఆగాలని నేను కోరుకోవడం ఎలా ఉందో చెప్పలేను. ఆగకపోతే? నేను చెప్పిందంతా తప్పయితే, ఇంకేదో కారణముంటే, ఇక ఈయనకి మిగిలేదేమీ లేదు. పన్నెండు. పెయింటు గోడౌను గోడ వచ్చింది, వెళ్ళిపోయింది. పదమూడు దాటింది. అప్పుడు దగ్గింది. రెండు కుదుపులు. పక్కకి తీసేలోపలే ప్రాణం పోయినట్టు ఆగిపోయింది.

ఈయన స్టీరింగు మీద తల పెట్టి నవ్వారు. భుజాలు కదిలిపోయేలా నవ్వారు. బండి ఆగినందుకు అంతగా నవ్వే మనిషిని ఈ రోడ్డు మీద ఎవరూ చూసి ఉండరు. తర్వాత దిగి, వెనక్కి వెళ్ళి, మూత తిప్పారు. ఉస్సుమంది. "విన్నావా?" అని నన్ను పిలిచి, మళ్ళీ బిగించి, స్టార్ట్ చేశారు. ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ తర్వాత డిక్కీలోంచి చిన్న చేతి డ్రిల్లు తీసి నా చేతికిచ్చారు. మూతని పక్కనే మైలురాయి మీద పెట్టి, ఈయన పట్టుకుంటే నేను కన్నం వేశాను. తెరిచిన మూతతో స్కూలుదాకా వెళ్ళి, ఆగకుండా ఇంటికొచ్చాం. కన్నం మూస్తే ఆగింది, తెరిస్తే నడిచింది. రెండు వైపులా చూస్తేగానీ కారణం దొరికినట్టు కాదట.

ఇంటి దగ్గర బండి దిగకుండా కూర్చుని ఈయనే మాట్లాడారు. "టిక్కు పెట్టి మళ్ళీ చూడకపోవడం నా తప్పు. అది పిల్లలకి మొదటిరోజే చెప్తాను" అన్నారు. ఎవరు పూడ్చారని అడిగితే ఏం చెప్తారన్నాను. "మా ఆవిడ అని చెప్తాను. అబద్ధమెందుకు?" అన్నారు. చెప్పండి, నాకేం అన్నాను. అద్దంలోకి చూస్తూ, "ఆ రోజు వాళ్ళు నలుగురూ నవ్వినందుకు నాకేం కాలేదు. వాళ్ళకి నా పని తెలుసు. నువ్వు పని విషయంలో ఎవర్నీ ఊరికే పొగడవు, ఊరికే తిట్టవు. నువ్వే అన్నావు కాబట్టి నిజమేననుకున్నాను" అన్నారు.

వదినా, పదహారేళ్ళుగా నా మాటకి ఇంత బరువు ఉందని నాకు తెలియదు. తెలిస్తే పెదవి దాటేముందు ప్రతి మాటా తూచేదాన్ని. "నేనన్నది అబద్ధం" అన్నాను. "ఊఁ" అన్నారు. నన్ను పూర్తిగా క్షమించారా, సగమేనా? ఏమో. అడగలేదు. అడిగితే సగమని చెప్తారేమోనని భయం.

స్కూలుకి రాసిన రెండు లైన్ల కాగితం పొద్దున అద్దం వెనక లేదు. ఏం చేశారో చూడలేదు. రేపు ముప్పయ్యో తేదీ. ఈ ఉత్తరం కింద కొంచెం చోటు వదలమన్నారు, మీకేదో రాయాలట. చదువుతానంటే ఇచ్చాను. ఇక దాచడానికి నా దగ్గర ఏమీ లేదు.

మీ మరదలు

అక్కా,

ఒకటో తేదీ నుంచి స్కూలుకి వెళ్తున్నాను. కొత్త జవాబు రాసి జేబులో పెట్టుకున్నాను, రేపు నేనే ఇచ్చి వస్తాను.

నీ మరదలు రాసిందంతా చదివాను. అన్నీ ఉన్నవి ఉన్నట్టే రాసింది, ఒక్కటి తప్ప. బండి ఆగినప్పుడు నేను స్టీరింగు మీద తల పెట్టి నవ్వానని రాసింది. నవ్వలేదక్కా.

నీ తమ్ముడు